వంటింటి దాకా రాని తీగ

"మీ వాయిస్ కట్ అవుతోంది మేడమ్!"

ఈ ఐదారేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న వాక్యం ఇదే. 2020 లాక్‌డౌన్‌తో మన సాహిత్య సమావేశాలు జూమ్‌లోకి వచ్చినప్పుడు బాగా సంబరపడిన వాళ్లలో నేనొకదాన్ని. పుట్టపర్తి నుంచి హైదరాబాదులో ఒక మీటింగుకు వెళ్లాలంటే రాత్రంతా ప్రయాణం. దానికి ముందు రెండు పూటలకు సరిపడా వండిపెట్టడం, అత్తమ్మ మాత్రలు డబ్బాలో సర్దడం, "అంత దూరం పోయి ఏం మాట్లాడొస్తావు?" అన్న ప్రశ్నకు ప్రతిసారీ కొత్త జవాబు వెతుక్కోవడం. ఇప్పుడు ప్రయాణం లేదు, జవాబు చెప్పుకునే పనీ లేదు. ఫోను పోపుల డబ్బాకు ఆనించి పెట్టుకుంటే చాలు, ఎక్కడెక్కడి స్నేహితురాళ్లూ నా వంటింట్లోకి వచ్చేస్తారు.

వచ్చేవాళ్లే. కానీ నేను నోరు తెరిచేసరికి తెర మీద నా ముఖం బిగుసుకుపోయేది. మాట ముక్కలయ్యేది. రెండుసార్లు చూసి, "పర్లేదు, మీరు చాట్‌లో రాయండి" అనేవాళ్లు. ఒక చేత్తో చపాతీ కాలుస్తూ చాట్‌లో ఏం రాస్తాం? "అందరూ చాలా బాగా మాట్లాడారు" అని రాసి ఊరుకునేదాన్ని.

ఇంట్లో ఇంటర్నెట్ ప్లాను మార్చాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడు ఈ సంగతి నాకు గుర్తే రాలేదు. ఆ గుర్తు రాకపోవడం గురించే ఈ నాలుగు మాటలు.

2025 నవంబరులో సత్యసాయి శత జయంతి ఉత్సవాలకు మా ఊరు జనంతో నిండిపోయింది. మా ఇంట్లోనూ చుట్టాలు. వచ్చిన ప్రతివాళ్లూ మంచినీళ్లకన్నా ముందు వైఫై పాస్‌వర్డ్ అడిగారు. ఆ పది రోజులూ ఎవరి ఫోనులోనూ ఏదీ సరిగా ఆడలేదు. వాళ్లు వెళ్లాక మా అబ్బాయి పాట మొదలుపెట్టాడు, ప్లాను పెంచాలని. ఇప్పుడున్నది 40 ఎంబీపీఎస్, నెలకు 399 రూపాయలు. 100 ఎంబీపీఎస్ అయితే 699. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. అంటే తేడా నెలకు 354 రూపాయలు, ఏడాదికి 4,248.

మా ఆయన లాడ్జీలో లెక్కలు రాస్తాడు. ఏదైనా కాగితం మీద ఉంటే తప్ప ఆయనకు నమ్మకం కుదరదు. "ఎవరికి ఏం పనికి కావాల్నో రాయి, చూస్తాం" అన్నాడు. మా ఇంట్లో చీటీలు రాసేది నేనే. కిరాణా చీటీ, మందుల చీటీ, పెళ్లి చదివింపుల చీటీ. ఇదీ రాశాను. అమ్మాయి: బెంగళూరు కంపెనీ ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని, మీటింగులు. అబ్బాయి: ఇంజినీరింగు రెండో సంవత్సరం, వీడియో పాఠాలు, ఆటలు. ఆయన: క్రికెట్టు, వార్తలు. అత్తమ్మ: యూట్యూబులో భజనలు, సీరియలు. రాసి ఫ్రిజ్ మీద అతికించాను.

రెండు రోజుల తర్వాత అమ్మాయి నీళ్ల సీసా కోసం వచ్చి ఆ చీటీ ముందు ఆగిపోయింది.

"ఇందులో నువ్వేవమ్మా?"

నిజమే. లేను. నేను వారానికి ఆరు పాఠాలు ఆన్‌లైన్‌లో చెబుతాను. ప్రచురణకర్తల దగ్గర్నుంచి వచ్చే పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను, అవీ నెట్టులోనే వస్తాయి, నెట్టులోనే పోతాయి. నెలకు ఆరేడు వేలు చేతికొస్తుంది. ఈ ఇంట్లో ఇంటర్నెట్ బిల్లు కట్టేది ఆ డబ్బులోంచే. బిల్లు కట్టే మనిషి పేరు జాబితాలో లేదు. పైగా ఆ జాబితా రాసింది వేరెవరో కాదు. ముప్పయ్యేళ్లుగా స్త్రీవాదం చదువుతున్నాను, పిల్లలకు పాఠంగా చెబుతున్నాను. నన్ను జాబితాలోంచి తీసేయడానికి ఎవరూ కష్టపడక్కర్లేదన్నమాట. కలం నా చేతికిస్తే చాలు.

ఆ ఆదివారం అమ్మాయి ఒక పని చేసింది. ఫోనులో వేగం కొలిచే యాప్ పెట్టుకుని ఇల్లంతా తిరిగింది. రౌటరు మా హాల్లో, టీవీ షోకేసులో ఉంటుంది. దాని పక్కన నిలబడితే 38 వచ్చింది. హాల్లో సోఫాలో 36. పిల్లల గదిలో 21. వంటింట్లో 2, ఒక్కోసారి 1. వెనక వరండాలో అసలు తిరగడమే తిరగడం, అంకె రాలేదు.

మాది పాత ఇల్లు. మూరెడు మందం రాతి గోడలు. హాలుకూ వంటింటికీ మధ్య అలాంటివి రెండున్నాయి, వాటికి తోడు గోడకు ఆనించి ఫ్రిజ్ అనే ఇనుప బీరువా ఒకటి. వైఫై రెండు రకాల తరంగాల మీద నడుస్తుందని అమ్మాయి వివరించింది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, కానీ గోడ దాటే ఓపిక తక్కువ. 2.4ది కొంచెం దూరం పోతుంది, కానీ వేగం తక్కువ. మా రాయి దగ్గరికొచ్చేసరికి రెండూ నీరసపడుతున్నాయి.

తర్వాత రాత్రి ఎనిమిది గంటలకు, అందరూ వాడుతున్నప్పుడు లెక్క వేసింది. టీవీలో క్రికెట్ హెచ్‌డీలో ఆడడానికి ఐదు ఎంబీపీఎస్ చాలు. ఆఫీసు వీడియో కాల్‌కు మూడు. అబ్బాయి ఆట ఆడేటప్పుడు ఒకటి కూడా పట్టదు. ఆ ఆటకు కొత్త భాగాలు దిగుమతి అయ్యేటప్పుడు మాత్రం ఉన్నదంతా పీల్చేస్తుంది, దాన్ని తెల్లవారుజామున పెట్టుకుంటే సరిపోతుంది. అత్తమ్మ భజనలు కలుపుకున్నా మొత్తం ఇరవైకి లోపే. నలభైలో సగం.

"నూరుది తీసుకుంటే?" అని అడిగాను.

"హాల్లో తొంభై చిల్లర వస్తాది. నీ వంటింట్లో మళ్లా రెండే."

ఇంత సేపూ మంచం మీద కూర్చుని మా తిరుగుడు చూస్తున్న అత్తమ్మ అప్పుడు నోరు విప్పింది. "అంతా మీ మామ కుళాయి మాదిరే ఉండాది కదే!" అనింది. అని నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మాయికి అర్థం కాలేదు. మీకూ చెప్పాలి.

1995లో నేను ధర్మవరం నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వీధి చివర బోరింగు దగ్గర బిందెల వరస. చిత్రావతి ఏటిలో ఇసుక తప్ప నీళ్లు కనిపించేవి కావు. ఆ రోజుల్లోనే, 1995-96 ప్రాంతంలో, సత్యసాయి ట్రస్టు చేపట్టిన తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో 700కు పైగా ఊళ్లకు చేరింది. కరువు సీమలో అదెంత పెద్ద విషయమో బిందె మోసిన నడుముకే తెలుస్తుంది. తర్వాత కొన్నేళ్లకు మా ఇంట్లోకీ కుళాయి వచ్చింది. ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. వంటింటి పక్కన పెట్టమని అత్తమ్మ అడిగింది. మామ వీధి గుమ్మం దగ్గర పెట్టించాడు. బయటినుంచి రాగానే కాళ్లు కడుక్కోవడానికి, ఎనుములకు తొట్టి నింపడానికి, స్కూటరు కడగడానికి వీలుగా. వెనక దాకా పైపు వేస్తే ఇంకో నలభై అడుగులు, ఖర్చు దండగ. "ఇంట్లోకే నీళ్లొచ్చె, ఇంగేం కావల్ల మీకు?" అన్నాడు.

ఏమీ కావాలనుకోలేదు. గుమ్మం నుంచి వంటింటికి ఇరవై రెండు అడుగులు. పదకొండేళ్లు నేనూ, అత్తమ్మా ఆ ఇరవై రెండు అడుగులూ బిందెలతో నడిచాం. కడుపుతో ఉన్నప్పుడూ నడిచాను. నీళ్లు తక్కువ వస్తున్నాయని ఒకసారి మామ లావు పైపు వేయించాడు. బిందె తొందరగా నిండేది. నడక మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు ప్లాను పెంచడమంటే మళ్లీ ఆ లావు పైపే. తేడా ఏమిటంటే ఈసారి దానికి డబ్బులు కట్టేది నేను.

రౌటరు షోకేసులో ఎందుకు పెట్టారని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి "ఎక్కడ పెట్టాలి సార్?" అని మా ఆయన్ని అడిగాడు, ఆయన టీవీ వైపు చూపించాడు. అంతే. దుర్మార్గమేమీ లేదు. తీగను ఇంట్లో ముఖ్యమైన చోట పెట్టాలనుకున్నాడు. ముఖ్యమైన చోటు ఏదంటే మగవాళ్లు కూర్చునే చోటు. వంటిల్లు పని జరిగే చోటని ఆయనకు తెలుసు, కానీ ఆయన దృష్టిలో ఆ పని పొయ్యి పనే. పోపుల డబ్బా పక్కన పాఠం కూడా చెబుతారని, ప్రూఫులు కూడా దిద్దుతారని నేను మాత్రం ఎప్పుడు చెప్పాను?

మన రాష్ట్రంలో ఇంటింటికీ ఫైబర్ అన్న మాట వినబడి చాలా కాలమైంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు అన్నారు. మట్టి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగలు లాగారు. ఆ తర్వాత జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 నాటిది, ఒక లెక్క చెప్పింది. 15 నుంచి 49 ఏళ్ల లోపు వాళ్లలో, ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతం. అప్పటికీ ఇప్పటికీ ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు స్తంభం మీది తీగ గుర్తొస్తుంది. తీగ ఇంటికి వచ్చిందా లేదా అని ప్రభుత్వం లెక్క పెట్టగలదు. గుమ్మం దాటి లోపలికి వచ్చాక ఎవరి దాకా వచ్చిందో లెక్క పెట్టుకోవాల్సింది మనమే.

చోటు సంగతి ఇలా తేలింది. వేళ సంగతి ఇంకొకటుంది.

రాత్రి పది గంటలకు మా ఆయన పడుకోబోతూ గ్యాసు కట్టేశారా, తలుపు గడియ వేశారా అని చూసి, రౌటరు స్విచ్ ఆపేస్తాడు. కరెంటు దండగ అంటాడు. అది రోజంతా వెలిగినా నెలకు ఏడెనిమిది యూనిట్లు కూడా కాదు. ఆయన రోజు పదింటికి ముగుస్తుంది. నా రోజు అప్పుడు మొదలవుతుంది. అంట్లు సర్ది, పాలు తోడేసి, అత్తమ్మకు కాళ్లకు నూనె రాసి, ఒక పేజీ చదువుకుందామని కూర్చునేసరికి పదీ పది. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంట్లోవాళ్లకు చేసే జీతం లేని ఇంటి పనుల్లో, ఆ పనులు చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు గడుపుతారు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఆ 201 నిమిషాల తేడాయే నా పదీ పది. దిద్దిన ప్రూఫులు పంపాలంటే ఆ వేళప్పుడు నా ఫోను డేటా వాడుకునేదాన్ని. "స్విచ్ ఆపొద్దు" అని అడగడం కన్నా అదే తేలిగ్గా ఉండేది. నెలకు రెండుసార్లు అదనంగా రీఛార్జి చేయించేదాన్ని, నా డబ్బులతోనే.

2019లో కేరళ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కోళికోడ్ దగ్గర ఒక కాలేజీ అమ్మాయిల హాస్టలులో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్లు వాడకూడదని నియమం పెట్టారు. ఫహీమా షిరిన్ అనే విద్యార్థిని ఒప్పుకోలేదు. హాస్టలు నుంచి వెళ్లగొట్టారు. ఆమె కోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని జస్టిస్ పి.వి. ఆశ తీర్పు చెప్పారు. ఆ తీర్పు గురించి నేను క్లాసులో ఎంతో ఉత్సాహంగా చెప్పాను. ఆ పాఠం చెప్పిన రాత్రి కూడా పదింటికి మా హాల్లో పచ్చ దీపం ఆరిపోయింది. నేను మాట్లాడకుండా ఫోను డేటా ఆన్ చేసుకున్నాను. పద్దెనిమిదేళ్ల పిల్ల హాస్టలును, కాలేజీని ఎదిరించింది. యాభై దాటిన నేను ఒక ప్లగ్గు గురించి నోరెత్తలేకపోయాను. ఎవరో కొట్టి నోరు మూయించి ఉంటే ఎదురు తిరగడం తెలిసేదేమో. ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు. మంచి మనిషి, జాగ్రత్త మనిషి, గ్యాసు కట్టేసిన చేత్తోనే నెట్టు కట్టేశాడు.

మూడోది పేరు. ప్లాను వివరాలు కనుక్కుందామని కంపెనీకి ఫోను చేశాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. కనెక్షన్ సార్ పేరు మీద ఉందనీ, ఓటీపీ సార్ నంబరుకు వెళ్తుందనీ, సార్‌ని లైన్లోకి పిలవమనీ అడిగింది. ఆరేళ్లుగా బిల్లు కట్టేది నేనని చెప్పాను. "అవును మేడమ్, కానీ ఖాతాదారు సార్ కదా" అనింది. ఆమె తప్పు లేదు. ఖాతా తెరిచిన రోజు ఆధార్ కార్డు ఎవరిది ఇవ్వాలన్న ప్రశ్న మా ఇంట్లో అసలు పుట్టలేదు. పట్టాదారు పుస్తకం, గ్యాసు, కరెంటు మీటరు, ఇంటి పన్ను. వరసలో ఇదొకటి.

1929లో వర్జీనియా వూల్ఫ్, ఆడది రాయాలంటే ఏడాదికి ఐదు వందల పౌండ్లూ, తనకంటూ ఒక గదీ ఉండాలని చెప్పింది. ఆ పుస్తకాన్ని నేను యం.ఏ. రోజుల నుంచి ఎన్నిసార్లు ఉదహరించానో! గది లేదని బాధపడ్డాను, ఐదు వందల పౌండ్లు మనకెక్కడివని నిట్టూర్చాను. గది వచ్చేదాకా ఆగడం అలవాటై, ఉన్న వంటింట్లోకి ఒక తీగ లాక్కోవచ్చని మాత్రం తట్టలేదు.

చివరికి ప్లాను మార్చలేదు. ఆ చీటీ తీసేసి కొత్తది రాశాను. మొదటి వరసలో నా పేరు రాశాను. రాయడానికి కొంచెం సిగ్గేసింది, అదీ చెప్పాలి. ఆ రాత్రి భోజనాల దగ్గర చదివి వినిపించాను. కిటికీ మూల గుండా వెనక వరండా దాకా కేబులు లాగాలి, అక్కడ ఇంకో వైఫై పెట్టె పెట్టాలి. రెండు వేలు దాటదు. రాత్రి స్విచ్ ఆపకూడదు. కనెక్షన్ నా పేరుకు మార్చాలి.

మొదటి రెండింటికీ మా ఆయన తలూపాడు. "ముందే చెప్పింటే అయిపోతాండె కదా" అన్నాడు. ఆ మాటకు కోపం వచ్చింది, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. మూడోదానికి, "పేరుదేముందిలే, అందరిదీ ఒకటే ఇల్లు" అన్నాడు.

"పేరులో ఏమీ లేకపోతే మార్చేకి ఏమప్పా కష్టం?" అనింది అత్తమ్మ, మజ్జిగ పోసుకుంటూ. ఎనభై రెండేళ్ల మనిషి. కుళాయి రోజున అనలేకపోయిన మాట ఇన్నేళ్లకు అనిందని నాకనిపించింది.

వెనక వరండాలో ఇప్పుడొక బల్ల ఉంది, గోడకు ఒక పచ్చ దీపం ఉంది. అమ్మాయి కొలిచి చూసింది. 34 వచ్చింది. అదే పాత ప్లానులో. పేరు మార్పు కాగితాలు ఇంకా తిరుగుతున్నాయి. రెండుసార్లు "సార్ సంతకం కావాలి" అని వెనక్కి వచ్చాయి. మూడోసారి పంపాను.

ఇంకొక సంగతి దాచకూడదు. లాక్‌డౌన్‌లో మా ఇంట్లో పాత్రలు తోమే ఆమె కూతురు పరీక్ష ఫారం నింపుకోవడానికి వైఫై అడిగింది. సిగ్నలు ముందువైపే కదా, వీధి మెట్ల మీద కూర్చుంది. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారని మా ఇంట్లో ఎవరికో ఇబ్బందైంది. మర్నాటికి పాస్‌వర్డ్ మారింది. ఆ రోజు నేను ఏమీ అనలేదు. నా దాకా రాని తీగ గురించి ఇన్ని పేజీలు రాయగలిగాను. నా గుమ్మం దగ్గర నేను ఆపిన తీగ గురించి ఈ నాలుగు వాక్యాలు రాయడానికే చేయి ఆడడం లేదు. ఇప్పుడు ఆ పిల్ల డిగ్రీకి వచ్చింది. వెనక వరండాలో రెండో కుర్చీ వేశాను, పాస్‌వర్డ్ నేనే రాసిచ్చాను. వారానికి రెండు సాయంత్రాలు వచ్చి చదువుకుంటోంది. చేసిన తప్పు దీంతో చెరిగిపోదని నాకు తెలుసు.

పోయిన శనివారం మీటింగులో నా వంతు వచ్చింది. మాట్లాడడం మొదలుపెట్టాను. ఎవరూ ఏమీ అనడం లేదు. అలవాటు కొద్దీ ఆగి, "వినబడుతోందా?" అని అడిగాను. "వినబడుతోంది, మాట్లాడండి" అన్నారు. కట్ అవుతుందన్న ధైర్యంతో ఇన్నాళ్లూ సగం సగం ఆలోచించుకుని వస్తున్నానని అప్పుడు తెలిసింది. చెప్పాల్సింది నిజంగా చెప్పాల్సి వచ్చేసరికి గొంతు ఎండిపోయింది. అయినా చెప్పాను, ఏడు నిమిషాలు.

ఎనిమిదో నిమిషంలో హాల్లోంచి కేక వినిపించింది. "కాఫీ!"

ఆ రాతి గోడలు వైఫైని ఆపగలిగాయి గానీ ఆ కేకను ఏనాడూ ఆపలేదు. మైకు మ్యూట్ చేయకుండానే, "డికాషన్ ఫ్లాస్కులో ఉంది, పాలు కాచుకోండి" అన్నాను. అవతల మన వాళ్లంతా విన్నారు. ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత ఎవరో నవ్వారు. నేను నా మాట కొనసాగించాను.